దిగని దిష్టి: రోజంతా క్లెన్సింగ్ చేసుకున్న ఓ టారో రీడర్ కేసు

"మేడం, నా ఇంట్యూషన్ పోయింది. మళ్లీ రావాలంటే ఏం చేయాలి?"

నిద్ర పట్టట్లేదని వస్తారు, టెన్షన్ అని వస్తారు, అత్తాకోడళ్ల గొడవలతో వస్తారు. ఈ ఫిర్యాదుతో వచ్చినవారు మాత్రం ఈవిడొక్కరే. విజయవాడలో మే నెల ఎండ. ఆవిడ రెండు చేతులకీ తెల్లటి కాటన్ గ్లౌజులు. నేను వాటినే చూస్తున్నానని గమనించి "ఎగ్జిమా అండీ" అన్నారు. చర్మం డాక్టరు ఆయింట్‌మెంట్ రాశారట, తగ్గలేదట. తగ్గకపోవడానికి కారణం ఆయనకు చెప్పలేదట.

ఆవిడ అనుమతితోనే ఇది రాస్తున్నాను. గుర్తుపట్టకుండా కుటుంబం, ఉద్యోగం వివరాలు కొన్ని మార్చాను. నేను క్లినికల్ సైకాలజిస్టుని. ఆరా (మనిషి చుట్టూ ఉంటుందని చెప్పే శక్తి వలయం) ఉందా లేదా అనేది కౌన్సెలింగ్ గదిలో తేలే విషయం కాదు. ఒక అలవాటు మనిషి రోజులో ఎన్ని గంటలు తినేస్తోందో మాత్రం కొలవచ్చు.

నేపథ్యం

వయసు 43. జూనియర్ కాలేజీలో కామర్స్ చెప్పేవారు, కరోనా సమయంలో మానేశారు. భర్తది బ్యాంకు ఉద్యోగం, పాప ఎనిమిదో తరగతి, అత్తగారు వీళ్లతోనే ఉంటారు. ఇంట్లో ఖాళీగా ఉన్న రోజుల్లో ఆన్‌లైన్‌లో రేకీ (చేతుల ద్వారా శక్తి పంపి నయం చేస్తామనే పద్ధతి) నేర్చుకున్నారు, తర్వాత టారో (బొమ్మల కార్డులు తీసి జోస్యం చెప్పడం). రెండేళ్లలో ఫోన్ రీడింగ్స్ బాగా పెరిగాయి. సాయంత్రం ఇక్కడివాళ్లు, తెల్లవారుజామున డాలస్, న్యూజెర్సీల్లో ఉన్న మన తెలుగు ఆడవాళ్లు. హెచ్1బీ వస్తుందా, ఆయన మారతాడా, పిల్లలు పుడతారా. అమ్మకి చెప్పలేనివి, పక్కింటావిడకి చెప్పకూడనివి అన్నీ ఈవిడకి చెప్పుకుంటారు. ఒక్కో కాల్ అరగంట, ముప్పావుగంట.

క్లెన్సింగ్, అంటే అంటుకుందనుకున్న చెడు ఎనర్జీని వదిలించుకోవడం, మొదట్లో చిన్నదే. రేకీలో కెన్యోకు అని ఒకటుంది: భుజం నుంచి నడుము దాకా, చేతుల మీదుగా దులుపుకోవడం. 1922లో జపాన్‌లో మికావో ఉసుయి మొదలుపెట్టిన పద్ధతిలో భాగంగా నేర్పుతారు, ఒక్క నిమిషం పని. దానికి ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ప్రాణిక్ హీలింగ్‌లోని ఉప్పునీళ్ల గిన్నె తోడైంది. చెడు ఎనర్జీని అందులోకి విదిలించాలి. తర్వాత అమెరికా నుంచి తెప్పించిన తెల్ల సేజ్ కట్ట. అది కాలిఫోర్నియా వైపు పెరిగే మొక్క, అక్కడి ఆదివాసుల పవిత్ర ధూపం. ఇక్కడ మాత్రం కొరియర్‌లో వస్తుంది. ఇవన్నీ కాక ఇంట్లో ఎలాగూ ఉండే సాంబ్రాణి, కర్పూరం. నాలుగు దేశాల శుద్ధి ఒకే డైనింగ్ టేబుల్ మీదకి చేరిందన్నమాట.

నేర్పిన గురువుగారి సూత్రం ఒక్కటే: "బరువుగా అనిపించినప్పుడల్లా క్లెన్స్ చేయండి. తేలిక అయ్యేదాకా చేయండి." ఈ వాక్యాన్ని పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. కేసంతా దీని చుట్టూనే తిరిగింది.

వచ్చేనాటికి పరిస్థితి ఇది. కాల్‌కి ముందు సాంబ్రాణి. కాల్ నడుస్తున్నంతసేపూ తన చుట్టూ బంగారు రంగు బుడగ ఉన్నట్టు ఊహించుకోవాలి, అది చెదిరితే కట్టుకోవాలి. కాల్ అయ్యాక ఉప్పునీళ్లతో మోచేతుల దాకా కడగాలి, ఫోన్ తుడవాలి, కార్డులు సేజ్ పొగలో తిప్పాలి. బరువు దిగకపోతే మళ్లీ మొదటి నుంచి. రాత్రి చివరి కాల్ తర్వాత రాళ్ల ఉప్పు స్నానం, ఒక్కోసారి రెండు. పాప టేబుల్ ముట్టుకోకూడదు. బయట ఎవరింట్లోనూ తినకూడదు. అనుమానం వస్తే హీలర్ల వాట్సాప్ గ్రూపులో "ఇంకా ఉందా, చూడండి" అని అడగాలి. ఎవరో ఒకరు "కొంచెం ఉంది" అంటారు. ఇంకేముంది, మళ్లీ బకెట్.

భర్త ఒకసారి వచ్చినప్పుడు విసుగ్గా అన్నమాట: "ఆవకాయ పెట్టే ఇంట్లో కూడా ఇంత ఉప్పు వాడరండీ." ఆవిడ నవ్వలేదు.

ఇంత చేస్తున్నా ఇంట్యూషన్ తగ్గుతోంది. ఒకప్పుడు గొంతు వినగానే ఏదో తట్టేదట, ఇప్పుడు ఖాళీ. శుద్ధి సరిపోవడం లేదని అనుకున్నారు. ఇంకా బలమైన ప్రొటెక్షన్ ఏదైనా ఉంటే చెప్తానేమోనని నా దగ్గరికి వచ్చారు. సైకాలజిస్టు అంటే మనసు శక్తులు నేర్పేవాళ్లని ఎవరో చెప్పారట!

ఇది జబ్బా, నమ్మకమా

మొదట తేల్చాల్సింది ఇది. నమ్మకాన్ని జబ్బు అనే హక్కు మాకు లేదు. చావింటికి వెళ్లొచ్చి స్నానం చేయకుండా లోపలికి రాని ఇళ్లు మనవి. గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కడతాం, కొత్త కారు కింద నిమ్మకాయలు పెడతాం, పెళ్లికూతురికి ఎర్రనీళ్లు తీస్తాం. నరుడి కంటికి నల్లరాయి పగులుతుందని సామెత కూడా ఉంది. ఇవేవీ రోగలక్షణాలు కావు.

మాటలు వినబడటం, ఎవరో తనని లోబరుచుకున్నారనుకోవడం లాంటివి లేవు. "ఇదంతా నా ఊహేనేమో, కానీ చేయకపోతే ఉండలేను" అనే మాట తనే అన్నారు. థైరాయిడ్, రక్త పరీక్షలు మామూలుగా ఉన్నాయి. అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్ (ఓసీడీ: వద్దన్నా వచ్చే ఆలోచనలు, ఆపుకోలేక పదేపదే చేసే పనులు) తీవ్రతను కొలిచే యేల్ బ్రౌన్ స్కేలు ఉంది: పది ప్రశ్నలు, 40 మార్కులు. 16 నుంచి 23 వరకు వస్తే మధ్యస్థం. ఈవిడకి 22. రోజులో నాలుగు గంటలకు పైగా క్లెన్సింగ్‌కే పోతోంది, తల్లీకూతుళ్ల మధ్య మాటలు తగ్గాయి, చేతులు పగిలి రక్తం వస్తోంది. ఆ పగుళ్ల మీద ఉప్పునీళ్లు ఎలా మండుతాయో చెప్పనక్కర్లేదు. ఆవిడ మాత్రం "మండితే పనిచేస్తోందని అర్థం" అనుకున్నారు.

ఓసీడీ అన్నమాట ఆవిడకి నచ్చలేదు. "నేను గ్యాస్ కట్టేశానా అని పదిసార్లు చూసుకునే టైపు కాదండీ." సరే, పేరు పక్కన పెడదామన్నాను. ఇద్దరం దాన్ని 'దిగకపోవడం' అని పిలుచుకున్నాం. ఆవిడ రోజూ వాడే మాటే అది.

లోపల ఏం జరుగుతోంది

కాల్ అయ్యాక బరువు. కడిగితే తేలిక. కాబట్టి కడగకముందు ఏదో అంటుకునే ఉంది. ఆవిడ లెక్క ఇది. పైకి తప్పు కనబడదు. కానీ కడగకుండా ఊరుకుంటే ఏమవుతుందో ఆవిడ ఎప్పుడూ చూడలేదు. చూడకముందే బకెట్ దగ్గరికి వెళ్లిపోయేవారు. ఉపశమనం దొరికిన ప్రతిసారీ మెదడు నేర్చుకునేది ఒకటే: బరువు ప్రమాదం, ఉప్పు రక్ష. నెలలు గడిచేకొద్దీ చిన్న బరువుకి కూడా పెద్ద అలారం మోగడం మొదలైంది.

అసలు బరువు ఎక్కడిది? ఇది నేను చాలాసేపు అడిగి రాబట్టిన విషయం. ఆ వారం వచ్చిన కాల్స్‌లో గర్భం పోయినవాళ్లు ఇద్దరు, భర్త కొడుతున్నాడని చెప్పినావిడ ఒకరు, కొడుకు గంజాయికి అలవాటుపడ్డాడని ఏడ్చిన తల్లి ఒకరు. మేము ఇలాంటి కథలు వినేటప్పుడు మాకు సూపర్‌విజన్ (సీనియర్లతో కేసులు చర్చించుకోవడం) ఉంటుంది, రోజుకి ఇంతమందే అనే హద్దు ఉంటుంది, ఎవరిని ఎక్కడికి పంపాలో తెలుస్తుంది. ఈవిడకి ఉన్నది ఒక ఉప్పు గిన్నె. ఇన్ని దుఃఖాలు విన్నాక బరువుగా ఉండటం జబ్బు కాదు, ఉండకపోతేనే అనుమానించాలి.

మరి ఇంట్యూషన్ ఎందుకు పోయింది? ఒక రికార్డు చేసిన కాల్ (అవతలివారిని అడిగాకే) కలిసి విన్నాం. పదో నిమిషంలో ఫోన్ చేసినావిడ "మా ఆయన మంచాడే" అని, ఒక్క క్షణం ఆగి, "అంటే, మంచాడే" అంది. వినగానే ఎవరికైనా చెవి నిక్కబొడుచుకునే చోటు. మా క్లయింట్ దాన్ని పట్టించుకోకుండా కార్డు అర్థం చెప్పుకుపోయారు. అప్పుడు ఏం చేస్తున్నారని అడిగితే, "బుడగ సరిచేసుకుంటున్నా" అన్నారు. కాల్ పొడుగునా సగం ధ్యాస తన ఒంటి మీదే: భుజం బరువెక్కిందా, మెడ లాగుతోందా, ఏదైనా దూరిందా. వినడానికి మనిషి లేరు. రక్షణ కోసం కట్టుకున్న గోడ అవతలి గొంతునే ఆపేసింది.

ఈ సంగతి నేను చెప్పలేదు. రికార్డింగ్ రెండోసారి విని తనే అన్నారు.

ఏం చేశాం

ఓసీడీకి వాడే ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్ పద్ధతికి బీజం 1966లో ఇంగ్లండ్‌లో విక్టర్ మేయర్ చేసిన చికిత్సలో ఉంది. భయపెట్టేదాని దగ్గర ఉండాలి, అలవాటైన విరుగుడు చేయకూడదు. భయం తనంతట తనే దిగడం చూడాలి. ఇందులో మెట్ల జాబితా రాస్తాం, తేలికది కింద, కష్టమైనది పైన. ఫోన్ తుడవకపోవడం కింది మెట్టు. కాల్‌కీ కాల్‌కీ మధ్య కడగకపోవడం మధ్య మెట్టు. పైన 'టవర్ కార్డు' అని రాశారు.

టవర్ అంటే టారోలో మెరుపు పడి కూలుతున్న బురుజు బొమ్మ, పైనుంచి ఇద్దరు తలకిందులుగా పడుతుంటారు. ఒక అమ్మాయికి ఆ కార్డు వచ్చిన మర్నాడే గర్భం పోయిందట. అప్పటి నుంచి ఆ ఒక్క కార్డుని జిప్ కవర్లో రాళ్ల ఉప్పు పోసి అందులో పెట్టారు. మిగతా 77 కార్డులతోనే రీడింగ్స్ నడుస్తున్నాయి. చికిత్స ముదిరాక ఒకరోజు ఆ కవర్ తెచ్చి నా టేబుల్ మీద పెట్టారు. ఉప్పు చెమ్మెక్కి గడ్డకట్టింది, కార్డు అంచులు ఉబ్బి తెల్లబడ్డాయి. గ్లౌజు తీసి, రెండు వేళ్లతో బయటికి లాగి, అరచేతిలో పెట్టుకున్నారు. భయం వందకి ఎంత అంటే 85. హ్యాండ్‌బ్యాగులో ఉప్పు ప్యాకెట్ ఉందని ఇద్దరికీ తెలుసు. పది నిమిషాలకి 90కి పెరిగింది. అరగంటకి 60. ఆ తర్వాత కార్డు పట్టుకునే పాప స్కూలు ఫీజు గురించి మాట్లాడారు. గంట దాటేసరికి 30. వెళ్లేటప్పుడు చేతులు కడుక్కోలేదు. నేనైతే ఆ రోజు అంత దిగుతుందనుకోలేదు.

దెబ్బ తర్వాతి వారం పడింది. పాపకి జ్వరం వచ్చింది. అపార్ట్‌మెంట్లో సగం మంది పిల్లలకి వైరల్ ఫీవర్. అయినా ఆవిడకి ఒకటే మాట: "నేను కడగకపోవడం వల్లే." ఆ రాత్రి మూడుసార్లు స్నానం చేశారు. నాకు ఫోన్ చేసి చికిత్స ఆపేస్తానన్నారు.

కేసుని మలుపు తిప్పింది నేను కాదు, వాళ్ల అత్తగారు. పాపని తూర్పు ముఖంగా కూర్చోబెట్టి, గుప్పెట్లో ఉప్పు, ఎండుమిరపకాయలు పట్టుకుని, "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి" అంటూ మూడుసార్లు తిప్పి, తీసుకెళ్లి సింకులో వేసి కుళాయి తిప్పారు. చేతులు కడుక్కున్నారు. వచ్చి టీవీ ముందు కూర్చున్నారు. కోడలు అడిగింది: "అత్తయ్య గారూ, పోయిందని ఎలా తెలుసు?" ఆవిడ సీరియల్ మీంచి కళ్లు తిప్పకుండా, "పోయిందో లేదో నాకేం తెలుసే! తీయాల్సింది తీశాను" అన్నారట.

ఈ మాట నా దగ్గరికి వచ్చి చెప్పేటప్పుడు ఆవిడ గొంతులో ఆశ్చర్యం ఉంది. పెద్దావిడకి దిష్టి మీద నమ్మకం ఈవిడకంటే ఎక్కువే. అయినా మూడుసార్లతో ఆగిపోయారు. ఎన్నిసార్లు తిప్పాలో, ఎక్కడ పారేయాలో, వెనక్కి చూడకుండా ఎలా రావాలో ఆ తంతులోనే ఉంది. పని అయిపోవడానికి, చేసినవాళ్లకి తేలికగా అనిపించడానికి సంబంధం లేదు. మన ఇళ్లలోని చాలా తంతులు ఇంతే: మడి బట్ట ఆరేస్తే మడే, 'మడిగా అనిపించిందా' అని ఎవరూ అడగరు. ఈవిడ నేర్చుకున్న పద్ధతిలో మాత్రం ముగింపుని అనుభూతి చేతిలో పెట్టారు. తేలిక అయ్యేదాకా చేయమంటే, ఆందోళన ఉన్న మనిషికి ఆ 'దాకా' ఎప్పటికీ రాదు.

అక్కడి నుంచి పథకం మార్చాం. క్లెన్సింగ్ మొత్తం మానమని చెప్పడం నా ఆలోచన. ఆవిడ ఒప్పుకోలేదు, ఆవిడ చెప్పిందే బాగుంది. రోజుకి ఒక్కసారి, చివరి కాల్ తర్వాత: కార్డులు సర్దాలి, మామూలు నీళ్లతో చేతులు, కాళ్లు, ముఖం కడుక్కోవాలి, దేవుడి గదిలో సాంబ్రాణి వేయాలి, మూడు శ్వాసలు. అయిపోయింది. బరువు ఉన్నా సరే, రెండోసారి లేదు. గ్రూపులో అడగడం లేదు. కాల్స్ మధ్య కడగడం లేదు, పావుగంట విరామం మాత్రం ఉంటుంది, మంచినీళ్లు తాగి వరండాలో నిలబడటానికి. తెల్లవారుజాము కాల్స్ వారానికి రెండు రోజులకి కుదించారు. నిద్ర లేని మెదడుకి ఏ ఇంట్యూషనూ పలకదు.

నోట్‌బుక్

ఇక ఆవిడ అసలు అడిగింది, ఇంట్యూషన్. దీనికి నా దగ్గర మంత్రం లేదు గానీ పరిశోధన ఉంది. డేనియల్ కానెమన్, గ్యారీ క్లైన్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు ఇంట్యూషన్ గురించి ఎదురెదురు పక్షాలు. 2009లో కలిసి వ్యాసం రాసి ఒక దగ్గర ఒప్పుకున్నారు: ఒక రంగంలో నమ్మదగ్గ క్రమం ఉండాలి, చెప్పింది తప్పో ఒప్పో తెలిసే అవకాశం పదేపదే దొరకాలి. అప్పుడే లోపలి తట్టుడుని నమ్మవచ్చు. అగ్నిమాపక దళం అధికారికి, అనుభవమున్న నర్సుకి అది దొరుకుతుంది. షేర్ మార్కెట్ జోస్యానికి దొరకదు.

ఈవిడకి తప్పొప్పులు తెలిసే దారే లేదు. కాలర్లు "కరెక్ట్‌గా చెప్పారండీ" అంటే అదే రుజువు. అది రుజువు కాదని చెప్పడానికి 1948 నాటి ఫోరర్ ప్రయోగం చెప్పాను. అమెరికాలో ఆ ప్రొఫెసరు 39 మంది విద్యార్థులకు 'మీ వ్యక్తిత్వ విశ్లేషణ' అని కాగితాలు పంచారు. అందరికీ ఒకటే కాగితం. ఎంత బాగా సరిపోయిందో ఐదుకి మార్కులు వేయమంటే సగటు 4.26 వచ్చింది. కామర్స్ టీచర్ కదా, లెక్క వెంటనే పట్టింది.

నోట్‌బుక్‌లో మూడు గడులు గీశారు: ఏం అనిపించింది, ఎందుకు అనిపించింది, చివరికి ఏం జరిగింది. కాలర్ చెప్పకముందే మొదటి రెండూ రాయాలి. మూడోది వాళ్లు మళ్లీ ఫోన్ చేసినప్పుడు. కొన్ని నెలల పుస్తకం కలిసి చదివాం. ఫలానా నెలలో ఉద్యోగం, ఫలానా వారంలో వీసా లాంటివి ఎక్కువ తప్పాయి. కానీ 'ఈవిడ ఇప్పటికే నిర్ణయం తీసేసుకుంది, నన్ను అడిగేది ధైర్యం కోసం', 'అసలు సమస్య ఇది కాదు, ఇంకోటి దాస్తోంది' లాంటివి చాలావరకు నిలిచాయి. వాటి పక్కన రెండో గడిలో రాసినవి: గొంతు తగ్గింది, ఒకే మాట రెండుసార్లు అంది, భర్త పేరు ఒక్కసారీ ఎత్తలేదు. పదిహేనేళ్లు క్లాసురూములో పిల్లల ముఖాలు చదివిన టీచరమ్మకి ఆ నేర్పు ఉండటంలో వింత లేదు. తేదీలు చెప్పడం తనే మానేశారు. కొందరు కాలర్లు పోయారు, ఆదాయం కొంత తగ్గింది.

"కానీ ఎనర్జీ చేతికి తెలుస్తుంది కదా మేడం?" అని ఒకసారి సూటిగా అడిగారు. 1998లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన పరీక్ష గురించి చెప్పాను. ఎమిలీ రోజా అనే చిన్నపిల్ల స్కూలు ప్రాజెక్టుగా మొదలుపెట్టింది అది. 21 మంది హీలర్లు తెర వెనక నుంచి చేతులు చాచాలి, పిల్ల తన చెయ్యి ఏ చేతి దగ్గర పెట్టిందో చెప్పాలి. 280 సార్లలో 123 సార్లు సరిగ్గా చెప్పారు, అంటే 44 శాతం. బొమ్మాబొరుసూ వేసినా సగం వస్తాయి. ఆవిడ కాసేపు ఆలోచించి, "వాళ్లు హీలింగ్ చేయడానికి కూర్చోలేదు కదా, పరీక్ష రాయడానికి కూర్చున్నారు" అన్నారు. నేను వాదించలేదు. ఆ నమ్మకం ఉన్నా చికిత్సకి అడ్డం లేదు, రెండోసారి స్నానం చేయనంతవరకు.

టేబుల్ మీద ఉప్పు గిన్నె ఉండే చోట ఇప్పుడు ఒక కాగితం అంటించి ఉంది. 181, ఆడవాళ్ల హెల్ప్‌లైన్. 14416, టెలిమానస్, 2022 నుంచి నడుస్తున్న ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ, తెలుగులో మాట్లాడవచ్చు. కొట్టే భర్త గురించి, చచ్చిపోవాలనిపిస్తోందని చెప్పినవాళ్ల గురించి కార్డు తీయకూడదు, ముందు ఈ నంబర్లు ఇవ్వాలి. విదేశాల్లో ఉన్నవాళ్లకి అక్కడి నంబర్లు కింద రాశారు. నా అంచనాలో బరువు దిగడానికి చికిత్స ఎంత పనిచేసిందో ఈ కాగితం అంత పనిచేసింది. ఒక కథ విన్నాక చేయాల్సిన పని ఒకటి దొరికింది.

మందుల సంగతి. సైకియాట్రిస్టు మాత్రలు రాస్తానన్నారు. ఇంట్యూషన్ మొద్దుబారుతుందని ఆవిడ వద్దన్నారు. మార్కులు తగ్గకపోతే మళ్లీ మాట్లాడదామని ముగ్గురం అనుకున్నాం, ఆ అవసరం రాలేదు. అందరికీ ఇలా కుదరదు. తీవ్రంగా ఉన్న కేసుల్లో మందు లేకుండా మెట్లెక్కించడం నేను చేయను.

ఇప్పటి స్థితి

ఆరు నెలల తర్వాత స్కేలు మీద 10. చేతులు మానాయి, గోళ్ల పక్కన కొంచెం గరుకు మిగిలింది. పాప టేబుల్ మీదే హోంవర్క్ చేసుకుంటోంది. టవర్ కార్డు పెట్టెలోకి తిరిగి చేరింది, అంచులు ఉబ్బడం వల్ల కలిపేటప్పుడు ఎక్కడుందో తెలిసిపోతోందని కొత్త డెక్ కొనాల్సి వచ్చింది. బంగారు బుడగ ఇప్పటికీ ఉంది, కాల్‌కి ముందు ఒక్కసారి ఊహించుకుని వదిలేస్తారు. అమావాస్య రోజు కాల్స్ తీసుకోరు. దాన్ని నేను లక్షణాల్లో లెక్కపెట్టను, నెలకో సెలవు అందరికీ అవసరమే.

మిగిలింది పరామర్శలు. చావు జరిగిన ఇళ్లకి ఇంకా వెళ్లలేకపోతున్నారు. సొంత మేనమామ పెద్దకర్మకి కూడా వెళ్లలేదు, ఆ కోపం పుట్టింటివాళ్లకి ఇంకా ఉంది. వచ్చే నెల తెనాలిలో ఆయన సంవత్సరీకం. వెళ్లాలి, అక్కడే భోజనం చేయాలి, తిరిగొచ్చాక అందరిలాగే ఒక్కసారి స్నానం చేయాలి. ఇంతవరకు ఇద్దరం ఒప్పుకున్నాం. ఆ సాయంత్రం కాల్స్ మామూలుగా తీసుకోవాలని నేను, ఆ ఒక్కరోజు వదిలేయమని ఆవిడ. ఇంకా తేలలేదు.